డెడ్‌హెడ్‌లు: రాక్ కచేరీల జ్ఞాపకాలను దాచిన అభిమానులు

గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందపు వీరాభిమానులను డెడ్‌హెడ్‌లు అంటారు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో 1965లో మొదలైన ఆ బృందం, 1995 ఆగస్టు 9న ప్రధాన గిటారిస్టు జెర్రీ గార్సియా చనిపోవడంతో ఆగిపోయింది. ఆ ముప్ఫై ఏళ్లలో అది సుమారు 2,300 కచేరీలు చేసింది. వాటిలో అత్యధిక భాగం ఈనాటికీ వినడానికి దొరుకుతుంది. ఏ రాత్రి ఏ పాటతో మొదలుపెట్టారు, ఏ పాటలోంచి ఏ పాటలోకి జారారు, ఏది ఎన్నేళ్ల తరవాత మళ్లీ పాడారు అన్నదంతా నమోదై ఉంది. ఈ పని చాలావరకు చేసినవాళ్లు టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లిన మామూలు శ్రోతలు.

పాత రాక్ బృందాల అభిమానులు నలుగురు కలిస్తే తాము చూసిన కచేరీల గురించి చెప్పుకోవడం ఎక్కడైనా ఉన్నదే. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ పాడినప్పుడు 55 వేల మందికి పైగా వచ్చారు. కేకల హోరులో పాటే వినబడలేదని ఆనాటివాళ్లు ఇప్పటికీ సంబరంగా చెబుతారు. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయం భోజనశాలలో ద హూ బృందం చేసిన కచేరీకి ఆ గోడ మీద స్మారక ఫలకం ఉంది. కానీ జ్ఞాపకాన్ని నియమాలున్న ఒక పనిగా పెట్టుకుని, డబ్బు ఆశించకుండా, ముప్ఫై ఏళ్లపాటు విడవకుండా చేసినవాళ్లలో డెడ్‌హెడ్‌లకు సాటి వచ్చేవారు లేరు. ఈ వ్యాసంలో వాళ్లకే పెద్దపీట.

రోజుకో తీరు

జెర్రీ గార్సియా, బాబ్ వియర్ గిటార్లు, ఫిల్ లెష్ బేస్ గిటారు, బిల్ క్రూట్జ్‌మన్ డ్రమ్స్, పిగ్‌పెన్ అని అందరూ పిలిచే రాన్ మెక్‌కెర్నన్ ఆర్గన్, మౌతార్గన్. ఇదీ మొదటి బృందం. 1967లో మికీ హార్ట్ రెండో డ్రమ్మర్‌గా చేరాడు. ఎక్కువ పాటలకు సాహిత్యం రాబర్ట్ హంటర్ రాశాడు. మొదట పెట్టుకున్న పేరు వార్‌లాక్స్. 1965 చివర్లో గ్రేట్‌ఫుల్ డెడ్‌గా మారారు. పిగ్‌పెన్ 1973లో 27 ఏళ్లకే పోయాడు.

వీళ్ల పాటలో జానపదం, బ్లూస్, బ్లూగ్రాస్, జాజ్ అన్నీ కలిసి ఉంటాయి. అభిమానుల్ని పట్టి ఉంచింది మాత్రం వీళ్లు ఏ రెండు రాత్రులూ ఒకే వరసలో పాడకపోవడం. పాటల జాబితా ముందే ఖాయం చేసుకునేవాళ్లు కారు. పాట ఎంతసేపు సాగుతుందో వేదిక మీదే తేలేది. కర్ణాటక సంగీతం వినేవారికి ఇది చప్పున అర్థమవుతుంది: కీర్తన అదే, విద్వాంసుడూ ఆయనే, అయినా నిన్నటి కల్పనస్వరాలు ఇవాళ రావు. ‘డార్క్ స్టార్’ అనే పాటనే చూడండి. 1968లో చిన్న రికార్డుగా వచ్చినప్పుడు అది మూడు నిమిషాలు కూడా లేదు. మరుసటి ఏడాది ‘లైవ్/డెడ్’ ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషాలు నడిచింది. 1984 జులై తరవాత ఆ పాట వేదిక మీద వినబడనే లేదు. 1989 అక్టోబరు 9న వర్జీనియాలోని హాంప్టన్ కొలీజియంలో, పెద్దగా ప్రచారం లేకుండా ‘ఒకప్పటి వార్‌లాక్స్’ అన్న పేరుతో చేసిన కచేరీలో ఆ పాట తొలి స్వరాలు వినబడగానే హాలు దద్దరిల్లింది. ఆ టేపులో ఇప్పటికీ పాటకంటే ముందు జనం అరుపే చెవిన పడుతుంది. అయిదేళ్ల ఎదురుచూపు ఎలా ఉంటుందో ఆ అరుపు విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

నిన్నటిది ఇవాళ రాదు గనకనే నిన్నటిదాన్ని దాచుకోవాలన్న తపన పుట్టింది. స్టూడియో రికార్డును అచ్చుగుద్దినట్టు వేదిక మీద దింపే బృందాలకు ఇలాంటి అభిమానులు ఏర్పడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

చిరునామా పంపండి

1971లో విడుదలైన జంట ఆల్బమ్ అట్ట లోపల బృందం ఒక చిన్న ప్రకటన అచ్చువేసింది: అభిమానులు తమ పేరూ చిరునామా రాసి పంపితే కబుర్లు తెలియజేస్తూ ఉంటామని. ఉత్తరాలు వేలల్లో వచ్చిపడ్డాయి. అప్పటినుంచి వార్తాలేఖ మొదలైంది. ఎక్కడెక్కడో విడివిడిగా ఉన్న శ్రోతలు తామంతా ఒక గుంపు అని గుర్తించిన సందర్భం అది.

1983లో బృందం టికెట్లను పోస్టు ద్వారా నేరుగా తానే అమ్మడం మొదలుపెట్టింది. ఏ తేదీ పోస్టు ముద్ర ఉండాలో, ఏ కొలత కార్డు మీద వివరాలు రాయాలో, డబ్బు మనియార్డరుగా ఎలా పంపాలో కచ్చితమైన నియమాలుండేవి. తమ కవరు వేరుగా కనబడాలని అభిమానులు దాన్ని రంగురంగుల బొమ్మలతో నింపేవారు: గులాబీలు, పుర్రెలు, నాట్యమాడే ఎలుగుబంట్లు. టికెట్ దొరికిందా లేదా అన్నది అలా ఉంచితే, ఆ కవర్లు నేడు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

టేపు

రికార్డింగ్ అలవాటు బృందంతోనే మొదలైంది. వీళ్ల తొలి సౌండ్ ఇంజినీరు ఔస్లీ స్టాన్లీ తన పనిలో తప్పొప్పులు చూసుకోవడానికి కచేరీలను టేపు చేసేవాడు. గార్సియా సంగతి మరీ ముఖ్యం. 1964లో, ఇంకా పేరు రాని రోజుల్లో, అతనే ఒక స్నేహితుడితో కలిసి టేప్‌రికార్డరు వేసుకుని అమెరికా దక్షిణ, తూర్పు రాష్ట్రాల్లో బ్లూగ్రాస్ కచేరీల వెంట తిరిగాడు. తరవాత తన శ్రోతలు మైకులు పట్టుకుని వచ్చినప్పుడు వాళ్లని దొంగలుగా చూడలేకపోయాడంటే కారణం అక్కడే ఉంది. మేం వాయించడం అయ్యాక అది వాళ్లదే అన్నది అతని వైఖరి.

మొదట్లో ఇది చాటుమాటు వ్యవహారమే. రికార్డరును బ్యాగు అడుగునో కోటు లోపలో దాచి తీసుకెళ్లేవారు. 1970ల మొదట్లో బ్రూక్లిన్‌లో లెస్ కిపెల్ అనే అభిమాని ఉచితంగా టేపులు ఇచ్చిపుచ్చుకునే బృందాన్ని మొదలుపెట్టాడు. దాని నుంచే 1974లో ‘డెడ్ రెలిక్స్’ పత్రిక పుట్టింది. టేపులు మార్చుకునేవాళ్ల కోసం మొదలైన ఆ పత్రిక ‘రెలిక్స్’ పేరుతో ఇప్పటికీ వెలువడుతోంది.

1980లు వచ్చేసరికి మైకు కర్రలు అడవిలా పెరిగాయి. వెనక ఉన్నవాళ్లకు వేదిక కనబడదు, సౌండ్‌బోర్డు అనే మిక్సింగ్ బల్ల దగ్గర ఇంజినీరుకూ కనబడదు. చాలా బృందాలు ఇక్కడ టేపింగ్‌ను నిషేధించి ఊరుకునేవి. వీళ్లు 1984 అక్టోబరు 27న బర్క్‌లీ కమ్యూనిటీ థియేటర్‌లో, సౌండ్‌బోర్డు వెనకాల టేపర్లకు ప్రత్యేకంగా చోటు కేటాయించి, దానికి వేరే టికెట్ పెట్టారు. రాక్ సంగీత చరిత్రలో ఇది చిన్న నిర్ణయం కాదు.

ఆ వరసల్లో ఒక మంచి టేపరు పని దగ్గరనుంచి చూస్తే ముచ్చటేస్తుంది. తలల కంటే ఎత్తున నిలిపిన కర్ర చివర రెండు మైకులు. కింద ఒళ్లో సోనీ డి5 లాంటి చిన్న డెక్కు. అందులో 90 నిమిషాల మాక్సెల్ క్యాసెట్, అంటే ఒక్కో వైపు 45 నిమిషాలు. బృందం పాటలోంచి పాటలోకి ఆగకుండా వెళ్లిపోతుంది గనక, క్యాసెట్ తిప్పడానికి సందు దొరకడమే కష్టం. పాటకూ పాటకూ మధ్య గిటారు శ్రుతి చేసుకునే కాస్త వ్యవధిలో తీసి, తిప్పి, మళ్లీ నొక్కాలి. అంచనా తప్పితే గార్సియా వాయిస్తున్న ఘట్టమే తెగిపోతుంది. మైకు దగ్గర ఎవరూ చప్పట్లు కొట్టకూడదు, మాట్లాడకూడదు. చుట్టూ వేలమంది చిందులేస్తుంటే ఆ టేపర్లు మాత్రం సూచీల మీద కళ్లు పెట్టుకుని కూచునేవారు. ఎదురుగా జరుగుతున్న ఆనందంలో కొంత వదులుకుని, రాలేనివారి కోసం దాన్ని పట్టి ఇచ్చినవాళ్లు వీళ్లు.

పంచుకోవడానికీ పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చినవారి దగ్గర మార్చుకోవడానికి టేపులేవీ ఉండవు. వాళ్లు ఖాళీ క్యాసెట్లు, తిరుగు టపాకు సరిపడా స్టాంపులు పంపితే చాలు, అవతలివారు నకలు చేసి పంపేవారు. అమ్మడం మాత్రం మహాపాపం. ఎవరైనా టేపులకు డబ్బు తీసుకున్నారని తెలిస్తే వాళ్లతో అందరూ మార్పిడి మానేసేవారు. క్యాసెట్ నకలుకు నకలు తీసినకొద్దీ వెనక బుస పెరుగుతుంది కాబట్టి, ఇది అసలు టేపుకు ఎన్నో తరం నకలో అట్ట మీద రాయడం మర్యాద. జనంలోంచి మైకుతో పట్టినదా, సౌండ్‌బోర్డు నుంచి నేరుగా తీసినదా అన్నదీ రాయాలి. ఒక పాట ఆగకుండా ఇంకోదానిలోకి వెళితే మధ్యలో చిన్న బాణం గుర్తు. ఆ బాణం గుర్తు చూసి ఆ రాత్రి ఎలా సాగి ఉంటుందో ఊహించుకోగలగడం అభిమానికి అక్షరాభ్యాసం లాంటిది.

పాటల జాబితాలను మొదట ఎవరి నోటుపుస్తకంలో వాళ్లు రాసుకునేవారు. అవన్నీ సరిపోల్చి 1987లో ‘డెడ్‌బేస్’ అనే లావుపాటి పుస్తకం తెచ్చారు. ఏ తేదీన ఎక్కడ ఏం పాడారు, ఏ పాట ఎన్నిసార్లు పాడారు అన్న లెక్కలన్నీ అందులో ఉంటాయి. ఇదీ అభిమానులు చేసిన పనే.

కార్నెల్, 1977 మే 8

డెడ్‌హెడ్‌ల మధ్య ఎక్కువగా నలిగిన తేదీ ఇది. ఇథకాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో బార్టన్ హాల్ అనే వ్యాయామశాలలో ఆ ఆదివారం కచేరీ జరిగింది. మే నెలలో కూడా ఆ రాత్రి మంచు కురిసింది. రెండో భాగంలో ‘స్కార్లెట్ బెగోనియాస్’ నుంచి ‘ఫైర్ ఆన్ ద మౌంటెన్’ లోకి వెళ్లిన తీరు, చివర్లో ‘మార్నింగ్ డ్యూ’ గురించి పేజీలకు పేజీలు రాశారు.

అసలు కథ ఆ తరవాత నడిచింది. బృందానికి పనిచేసిన రికార్డింగ్ ఇంజినీరు బెట్టీ కాంటర్-జాక్సన్ ఆ రోజు సౌండ్‌బోర్డు నుంచి రీలు టేపు మీద దాన్ని పట్టింది. ఆమె చెవి అంటే ఇప్పటికీ అందరికీ గౌరవం. తరవాత బృందంతో సంబంధం తెగిపోయి, చేతిలో డబ్బు లేక, సామాను దాచిన గోదాము అద్దె కట్టలేకపోయింది. 1986లో ఆ గదిలోని సరుకు వేలానికి వెళ్లింది. వందల కొద్దీ రీళ్లు కొద్దిమంది కొనుగోలుదార్ల చేతుల్లో పడ్డాయి. కొన్ని నకళ్లు తీసి పంచిపెట్టారు. కొన్ని ఏళ్లకేళ్లు మూలన పడి బూజు పట్టాక, అభిమానులే శ్రద్ధగా బాగుచేశారు. ‘బెట్టీ బోర్డులు’ అని వీటికి పేరు. అలా బయటికొచ్చిన టేపులతో కార్నెల్ రాత్రి పేరు మారుమోగింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011 సంవత్సరపు జాతీయ రికార్డింగ్ జాబితాలో దాన్ని చేర్చింది. బృందం దాన్ని అధికారికంగా విడుదల చేసింది మాత్రం 2017లో, సరిగ్గా నలభై ఏళ్లకు.

అది బృందం చేసిన అత్యుత్తమ కచేరీయా? ఆ మర్నాడు బఫలోలో చేసినదే మేలని వాదించేవారు చాలామంది ఉన్నారు. 1972 ఆగస్టు 27న ఆరెగాన్‌లోని వెనీటాలో, మండుటెండలో, ఒక పాలకేంద్రానికి సాయంగా చేసిన కచేరీకి ఓటు వేసేవారూ ఉన్నారు. విని చూస్తే వెనీటాకే మొగ్గాలనిపిస్తుంది. కార్నెల్ కీర్తిలో సగం బెట్టీ కాంటర్-జాక్సన్‌ది. మంచి కచేరీలు అనేకం జరిగాయి, అంత స్పష్టంగా దొరికినవి తక్కువ. ఏది గొప్పగా గుర్తుండాలో చాలాసార్లు టేపు నాణ్యతే నిర్ణయిస్తుంది.

గుర్తున్నది, జరిగింది

సరైన నమోదు లేని చోట జ్ఞాపకం ఎటు పోతుందో చెప్పడానికి ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరం చాలు. 1966 మే 17న అక్కడి ఫ్రీ ట్రేడ్ హాల్‌లో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారుతో పాడుతుంటే, జానపద గాయకుడు దారి తప్పాడన్న కోపంతో ఒక శ్రోత అతన్ని ‘జూడాస్’, అంటే ద్రోహి, అని అరిచాడు. ఆ కచేరీ దొంగ రికార్డు లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ పేరుతో దశాబ్దాలపాటు చలామణి అయింది. 1998లో అధికారికంగా వచ్చాకే తప్పుపేరు తొలిగింది. అరిచింది నేనే అని చెప్పుకున్నవారు ఒకరికంటే ఎక్కువమంది. అదే భవనంలోని చిన్న హాలులో 1976 జూన్ 4న సెక్స్ పిస్టల్స్ వాయించినప్పుడు వచ్చింది గుప్పెడు మంది. తరవాత బజ్‌కాక్స్, జాయ్ డివిజన్ బృందాల్లోకి వెళ్లినవారు అందులో ఉండటంతో ఆ రాత్రికి పెద్ద పేరు వచ్చింది. మేమూ ఉన్నామని చెప్పేవాళ్ల సంఖ్య ఏటేటా పెరిగింది. డేవిడ్ నోలన్ అనే పాత్రికేయుడు నిజంగా ఎవరెవరు వచ్చారో తేల్చడానికి ఒక పుస్తకమే రాయాల్సి వచ్చింది.

లెడ్ జెప్పెలిన్ అభిమానులది మరో అవస్థ. ఆ బృందం మేనేజరు పీటర్ గ్రాంట్ రికార్డింగ్ పరికరం కంటపడితే ఊరుకునే మనిషి కాదు. 1977లో లాస్ ఏంజెలెస్ ఫోరంలో వాళ్ల కచేరీలను మైక్ మిల్లార్డ్ అనే అభిమాని చక్రాల కుర్చీలో రికార్డరు దాచి టేపు చేశాడు. ఆనాటి జెప్పెలిన్ ఎలా వాయించిందో తెలుసుకోవాలంటే చాలామందికి ఆ టేపులే దిక్కు.

పార్కింగ్ స్థలం

కచేరీకి ముందు హాలు బయట కార్లు ఆపే చోటే ఒక తిరునాళ్లు జరిగేది. రంగులద్దిన చొక్కాలు, రొట్టెలు, పూసలు అమ్మి ఆ డబ్బుతో తరవాతి ఊరికి పెట్రోలు పోయించుకునేవాళ్లు ఎందరో. మత్తుపదార్థాలూ అక్కడే దొరికేవి, దాన్ని దాచిపెట్టడం చరిత్రకు న్యాయం కాదు. ఆ అలవాటు నుంచి బయటపడ్డ అభిమానులు 1980ల నడిమిలో ‘వార్ఫ్ ర్యాట్స్’ పేరుతో ఒక గుంపు కట్టారు. పసుపు బెలూన్లు కట్టిన బల్ల దగ్గర విరామ సమయంలో కలుసుకుని, మత్తు లేకుండా కచేరీ చూడటానికి ఒకరికొకరు తోడు నిలిచేవారు. వినికిడి లేని అభిమానులకూ వేరే చోటు కేటాయించి, సంజ్ఞల భాషలో పాటలు చెప్పే ఏర్పాటు చేశారు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం గ్రీన్స్‌బరో శాఖలో సమాజశాస్త్ర ఆచార్యురాలు రెబెకా ఆడమ్స్ 1989 వేసవిలో విద్యార్థులను వెంటబెట్టుకుని ఈ జనంలోకి వెళ్లి అధ్యయనం చేసింది.

1987లో ‘టచ్ ఆఫ్ గ్రే’ పాట అమెరికా తొలి పది పాటల్లోకి ఎక్కింది. బృందానికి పాతికేళ్లకు దగ్గరపడుతుండగా వచ్చిన ఈ విజయం చేటు కూడా తెచ్చింది. టికెట్ లేకుండా వచ్చేవాళ్లు పెరిగిపోయారు. 1995 జులై 2న ఇండియానాలోని డీర్ క్రీక్‌లో వేలమంది కంచె విరగ్గొట్టి లోపలికి తోసుకొచ్చారు, మర్నాటి కచేరీ రద్దయింది. జులై 9న షికాగో సోల్జర్ ఫీల్డ్‌లో పాడినదే గార్సియాకు ఆఖరిది. పాత అభిమానులు ఆ వేసవి సంగతి ఎత్తితే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు.

భారతీయ లయ

ఈ బృందానికి మన సంగీతంతో గట్టి బంధమే ఉంది. మికీ హార్ట్ 1960ల చివర్లో తబలా విద్వాంసుడు అల్లారఖాను కలిసి తాళం లెక్కలు నేర్చుకున్నాడు. పదకొండు మాత్రల ‘ది ఎలెవెన్’, పది మాత్రల ‘ప్లేయింగ్ ఇన్ ద బ్యాండ్’ లాంటి పాటలను తాళం వేస్తూ వింటే మన శ్రోతకు మరింత రుచిస్తాయి. అల్లారఖా కుమారుడు జాకిర్ హుస్సేన్‌తో కలిసి హార్ట్ 1976లో ‘దిగా’ ఆల్బమ్ చేశాడు. 1991 నాటి ‘ప్లానెట్ డ్రమ్’ లో జాకిర్‌తోపాటు ఘటం విద్వాంసుడు విక్కు వినాయకరామ్ కూడా ఉన్నారు. ప్రపంచ సంగీతానికి తొలిసారిగా ఇచ్చిన గ్రామీ ఆ ఆల్బమ్‌కే దక్కింది.

దాచిన చోటు

బృందం 2008లో తన కాగితాలు, ఉత్తరాలు, పోస్టర్లు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతాక్రూజ్ శాఖకు అప్పగించింది. 2012 నుంచి అక్కడి గ్రంథాలయంలో వాటి ప్రదర్శనకు ఒక గది ఉంది. బొమ్మలు వేసిన ఆ టికెట్ కవర్లూ అందులోవే.

టేపులు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటుకు చేరాయి. 2005 నవంబరులో వాటిని అక్కడినుంచి దింపుకునే వీలు తీసేయించినప్పుడు అభిమానులు భగ్గుమన్నారు. బృంద సభ్యుల్లోనే దీనిపై ఏకాభిప్రాయం లేదని తేలింది. కొద్ది రోజుల్లోనే రాజీ కుదిరింది: జనంలోంచి పట్టిన టేపులు దింపుకోవచ్చు, సౌండ్‌బోర్డువి అక్కడే వినవచ్చు. ఆ ఏర్పాటు న్యాయమైనదే. శ్రోత తన మైకుతో పట్టుకున్నది శ్రోతలకే ఉండాలి.

2015 జులైలో మిగిలిన సభ్యులు యాభై ఏళ్ల సందర్భంగా సోల్జర్ ఫీల్డ్‌లో మూడు రాత్రులు వాయించారు. ఫిల్ లెష్ 2024 అక్టోబరులో కన్నుమూశాడు.

కొత్తగా వినదలచినవారు కార్నెల్‌తో మొదలుపెట్టి, వెనీటాకు వెళ్లి, ఆ తరవాత ఏదో ఒక తేదీలో జనం మధ్య నుంచి పట్టిన మామూలు టేపు ఒకటి తప్పక వినండి. అందులో పాటతోపాటు పక్కవారి దగ్గు, ఈల, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలవడం కూడా వినబడతాయి. ఇంట్లో నాన్నగారో మామయ్యో టేపు చేసిన పాత కచేరీ క్యాసెట్లు ఉంటే, వాటిమీద తేదీ, ఊరు రాసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే వాళ్లను అడిగి ఇప్పుడే రాసిపెట్టండి.